ఇండోనేషియా అగ్నిపర్వత సరస్సులు: ఇంటిల్లిపాదితో వెళ్తే ఏది, ఒంటరిగా వెళ్తే ఏది

రాత్రి రెండు గంటలప్పుడు ఇండోనేషియాలో ఇజెన్ అగ్నిపర్వతం అడుగున, పాల్తుదింగ్ అనే చోట ఒక టీ కొట్టు బెంచీ మీద అమ్మని కూర్చోబెట్టి, నాన్నని తోడుంచి, నేనొక్కడినే ఇజెన్ కొండ ఎక్కాను. ట్రిప్ మాట్లాడిన ఏజెంటు "ఈజీ వాక్ సార్, అందరూ ఎక్కేస్తారు" అన్నాడు. ఆ 3 కిలోమీటర్ల దారిలో దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కాలని చెప్పలేదు. అమ్మకి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. టార్చి వెలుగులో రెండు మలుపులు ఎక్కి ఆగిపోయింది. "నువ్వు పోయి చూసి రా నాయనా, మేమిక్కడే కూచుంటాం" అంది. చూసి వచ్చాను. నేను జీవితంలో చూసిన గొప్ప దృశ్యాల్లో అదొకటి. అయినా కిందికి దిగి వచ్చేసరికి, చలికి శాలువా తలమీదుగా కప్పుకొని నా కోసం దారివైపే చూస్తున్న అమ్మ ముఖం చూశాక, ఫొటోలు చూపించబుద్ధి కాలేదు.

తప్పు ఏజెంటుది మాత్రమే కాదు, నాది కూడా. ఫొటో చూసి సరస్సుని ఎంచుకున్నాను. ఎవరు వస్తున్నారో చూసి ఎంచుకోవాల్సింది. ఆ తర్వాత మూడుసార్లు ఇండోనేషియా వెళ్ళాను, ప్రతిసారీ సరస్సుల కోసమే. బాలి వెళ్తున్నామని చెప్పే బంధువులు, స్నేహితులు "ఏ లేక్ బాగుంటుంది?" అని అడిగితే ముందు నేను అడిగేది ఒకటే: మీ గుంపులో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు? జవాబును బట్టి సగం లిస్టు తేలిపోతుంది.

పేరులోనే సగం సంగతి ఉంది

ఆ దేశంలో నీళ్ళకి వాడే మాటలు మనకి కొత్తవి కావు. పెద్ద సరస్సుని 'దానౌ' అంటారు. చిన్నదైతే 'తెలగా'. ఇది సంస్కృత తటాకానికి చుట్టమే, మన 'తటాకం' లాగే. 'సెగారా' అంటే సాగరం. ఇక 'కావా' అంటే అగ్నిపర్వతం నోరు, అంటే బిలం. మ్యాపులో పేరు ముందు దానౌ అని ఉంటే చాలావరకు పడవలు, చేపలు, ఒడ్డున ఊళ్ళు ఉంటాయి, పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చు. కావా అని ఉంటే గంధకం, పొగ, ఆమ్లం. దూరం నుంచి చూసి రావాలి. ఇది నూటికి నూరుపాళ్ళు పట్టే లెక్క కాదు కానీ, హోటల్ గదిలో కూర్చొని మ్యాపు తిప్పుతున్నప్పుడు బాగా పనికొస్తుంది.

ఇవన్నీ పుట్టిన తీరు దాదాపు ఒకటే. కొండ కడుపులోని లావా బయటికి పోయాక పైకప్పు కుంగుతుంది, లేదా పేలుడుకి పైభాగం ఎగిరిపోతుంది. మిగిలిన గుంటలో వాన నీళ్ళు చేరతాయి. అడుగున కొండ చల్లబడితే అది మంచినీళ్ళ చెరువు. అడుగు నుంచి ఇంకా వాయువులు తన్నుకొస్తుంటే అది ఆమ్లపు గుండం.

బాలి: బ్రతానా, బతూరా?

మనవాళ్ళలో ఎక్కువమంది వెళ్ళేది బాలికే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బ్రతాన్ మీరు చూసే ఉంటారు. నీళ్ళ మధ్య తేలుతున్నట్టు కనిపించే 11 అంతస్తుల గడ్డికప్పు గోపురం, వెనక మంచు పట్టిన కొండ. ఇండోనేషియా పాత (2005 నాటి) 50,000 రూపియా నోటు వెనక వేసిన బొమ్మ అదే. బెదుగుల్ అనే కొండ ఊళ్ళో, సముద్రమట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. కారు గేటు దాకా వెళ్తుంది. తోటలో చదునైన దారి. వీల్‌చెయిర్ మనిషిని కూడా ఒడ్డు దాకా తీసుకెళ్ళొచ్చు. పక్కన స్ట్రాబెరీ తోటలు, కూరగాయల సంత. అమ్మానాన్నలు, చంటిపిల్లలు ఉంటే ఇక ఆలోచించకుండా ఇదే పెట్టుకోండి. ఒక్క షరతు: పొద్దున్న 8 లోపు అక్కడ ఉండాలి. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బు దిగిపోయి గోపురం కనపడదు, టూరిస్టు బస్సులు దిగి మనుషులే కనపడతారు. ఉబుద్ నుంచి గంటన్నర దారి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. లేదా ముందురోజు రాత్రి బెదుగుల్‌లోనే ఉండిపోవాలి. స్వెట్టర్ మర్చిపోవద్దు, బాలి అంటే ఉక్కపోత అనుకొని వెళ్ళినవాళ్ళు అక్కడ వణుకుతూ ఉంటారు.

బతూర్ వేరే రకం. ఇది దాదాపు 13 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పున్న పెద్ద పళ్ళెంలాంటి గుంట. ఆ పళ్ళెం మధ్యలో 1,717 మీటర్ల బతూర్ కొండ లేచి ఉంటుంది, దాని పక్కన అర్ధచంద్రాకారంలో సరస్సు. పళ్ళెం అంచున ఉన్న కింతామణిలో నిలబడితే ఇదంతా ఒక్కచూపులో కనిపిస్తుంది. నల్లటి లావా పారిన జాడలు కూడా స్పష్టంగా తెలుస్తాయి. 1917లో లావా కింద ఊళ్ళోని గుడి వాకిలి దాకా వచ్చి ఆగిందట. దేవుడే ఆపాడని ఊరివాళ్ళు అక్కడే ఉండిపోయారు. 1926లో మళ్ళీ వచ్చినప్పుడు ఊరినీ గుడినీ కప్పేసింది. అప్పుడు గుడిని పైన అంచు మీదికి మార్చారు. ఇప్పుడు మనం చూసే ఉలున్ దాను బతూర్ గుడి అదే.

నాకు బతూర్ అంటే ఎందుకిష్టమో చెప్పాలంటే ఆ గుడి సంగతి చెప్పాలి. అక్కడి దేవత దేవి దాను, సరస్సు తల్లి. ఈ సరస్సుకి పైకి కనిపించే తూము గానీ అలుగు గానీ లేవు. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఇంకి కింద ఎక్కడో ఊటలుగా బయటపడతాయి. ఆ నీళ్ళు పొలాలకి ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని 'సుబక్' అనే రైతు సంఘాలు మాట్లాడుకుంటాయి. వాటి మధ్య మాట కలిపేది ఈ గుడి. మన ఆయకట్టు రైతులు, నీరటికాడు చేసే పనిని అక్కడ గుడితో ముడిపెట్టారన్నమాట. 1970లలో కొత్త వంగడాలొచ్చి, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు నాట్లేసుకోమంటే, పురుగు విరుచుకుపడింది. ఒక ప్రాంతమంతా ఒకేసారి పొలాలు ఎండబెడితేనే పురుగు చస్తుందని పాత పద్ధతికి తెలుసు. చివరికి ఆ పద్ధతికే తిరిగొచ్చారు. 2012లో యునెస్కో ఈ సుబక్ పొలాలతో పాటు బతూర్ సరస్సునీ గుడినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెరువు కింద బతికిన ఊళ్ళ నుంచి వచ్చిన మనకి ఇది పుస్తకం చదివినట్టు ఉండదు, ఇంటి సంగతి విన్నట్టు ఉంటుంది. గుడి అరుగు మీద ఒక ముసలామె కొబ్బరాకు దొన్నెలు కుడుతూ ఉంటే అమ్మ పక్కన కూర్చొని చూసింది. కాసేపటికి తనూ ఒకటి చేతిలోకి తీసుకుంది. బంతిపూలు, కాస్త అన్నం, ఒక అగరొత్తి. ఇద్దరికీ ఒక్క మాటా కలవదు. అరగంట అలాగే గడిచిపోయింది.

కాబట్టి నా లెక్క ఇది. ఒక్క పూటే ఉంటే, ఫొటో ముఖ్యమైతే బ్రతాన్. రెండు రోజులుంటే బతూర్, అదీ కింద ఒడ్డున తోయా బుంకాలో ఒక రాత్రి ఉండి. అక్కడ వేడినీటి ఊటల్లో మోకాళ్ళ దాకా కాళ్ళు పెట్టుకొని సరస్సు చూస్తూ కూర్చోవచ్చు. కుర్రాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండు గంటలు కొండెక్కి సూర్యోదయం చూస్తారు. లోకల్ గైడు లేకుండా ఎక్కనివ్వరు, ఎక్కొద్దు కూడా. పెద్దవాళ్ళకి జీపులున్నాయి, నల్ల లావా మీదుగా ఒక దిబ్బ దాకా తీసుకెళ్తాయి. సూర్యోదయం అక్కడినుంచీ అంతే బాగుంటుంది.

బతూర్ ఒడ్డునే త్రున్యాన్ అనే ఊరుంది. అక్కడ పెళ్ళయి సహజంగా చనిపోయినవాళ్ళని కాల్చరు, పూడ్చరు. ఒక పెద్ద చెట్టు కింద వెదురు తడికలో ఉంచేస్తారు. దాన్ని 'టూర్ ప్యాకేజీ'గా అమ్ముతున్నారు. నేను వెళ్ళలేదు, వెళ్ళమని ఎవరికీ చెప్పను. మన ఊరి శ్మశానానికి ఎవరైనా కెమెరా పట్టుకొని పడవలో వస్తే మనకెలా ఉంటుందో ఒక్కసారి అనుకుంటే చాలు.

బ్రతాన్‌కి అరగంట దూరంలో తంబ్లింగన్ ఉంది. మోటారు పడవలు ఉండవు. రెండు దోనెలు కలిపి కట్టిన చెక్క పడవలు, చుట్టూ అడవి, అక్కడక్కడ చిన్న గుళ్ళు. ఏమీ చేయకుండా కూర్చోగలిగేవాళ్ళకి బాలిలో ఇంతకంటే మంచి నీళ్ళు లేవు. పిల్లలకి మాత్రం పది నిమిషాల్లో బోరు కొడుతుంది.

రంగుల గుండాలు: ఇజెన్ లేదా కెలిముతు

ఇజెన్ జావా తూర్పు చివర ఉంది. బాలి నుంచి గిలిమనుక్ రేవులో ఫెర్రీ ఎక్కితే గంటలోపే అవతలి గట్టు. అక్కడ టైమ్ బాలి కంటే ఒక గంట వెనక. డ్రైవర్ చెప్పింది ఏ టైమో అడిగి పెట్టుకోండి, లేకపోతే అర్ధరాత్రి రోడ్డు మీద గంటసేపు నిలబడాల్సి వస్తుంది.

ఆ బిలంలోని సరస్సు ప్రపంచంలో అంత గాఢమైన ఆమ్లం ఉన్న సరస్సుల్లో అన్నిటికంటే పెద్దది. నిమ్మరసం పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఘాటు) సుమారు 2 అయితే దీనిది చాలాసార్లు 0.5 కంటే తక్కువ. చూడ్డానికి మాత్రం మైలుతుత్తం కలిపిన పాలలా ఉంటుంది. ఆ రంగు చూసి చెయ్యి పెట్టాలనిపిస్తుంది, పెట్టకూడదు. రాత్రిపూట గంధకపు వాయువులు గాలి తగిలి నీలంగా మండుతాయి. తెల్లవారితే ఆ మంట కనపడదు కాబట్టే అందరూ అర్ధరాత్రి ఎక్కుతారు.

కానీ నాకు గుర్తుండిపోయింది మంట కాదు. దిగుతున్నప్పుడు ఎదురొచ్చిన ఒక గంధకం కూలీ. వెదురు కావడి, రెండు వైపులా బుట్టల్లో పసుపు ముద్దల్లాంటి గంధకం రాళ్ళు. ఒక్కో మోత 70 నుంచి 90 కిలోలు ఉంటుంది. దారి పక్కన బరువు దించి భుజం మార్చుకున్నాడు. చొక్కా పక్కకి జరిగితే కావడి బద్ద ఆనేచోట కండ గట్టిపడి చిన్న దిండులా లేచి ఉంది. బరువు ఎత్తేటప్పుడు కావడి కిర్రుమన్న చప్పుడు కొంతదూరం దాకా వినిపించింది. దారి ఇరుకు. వాళ్ళొస్తుంటే కొండవైపు ఒదిగి నిలబడి దారివ్వండి. సెల్ఫీ కోసం ఆపొద్దు. గంధకంతో పోతపోసిన చిన్న తాబేళ్ళ బొమ్మలు అమ్ముతుంటారు, బేరమాడకుండా ఒకటి కొనండి.

ఇజెన్‌కి ఎవరు వెళ్ళొచ్చు? ఆగకుండా గంటన్నర మెట్ట ఎక్కగలిగినవాళ్ళు. ఆస్తమా ఉంటే వద్దు, గుండెజబ్బు ఉంటే వద్దు, పదేళ్ళలోపు పిల్లలతో వద్దు. హెల్త్ సర్టిఫికెట్ అడుగుతారు, అదేదో తంతులే అనుకోకండి. గ్యాస్ మాస్కు అద్దెకిస్తారు, సర్జికల్ మాస్కుతో పని జరగదు. మనుషులు లాగే తోపుడు బండ్లు ఉన్నాయి, డబ్బిస్తే పైదాకా లాక్కెళ్తారు. అమ్మ ఒప్పుకోలేదు. "మనిషి లాగే బండెక్కి నేను చూడాల్సిందేముంది" అంది. ఇంకోమాట. 2024 ఏప్రిల్‌లో ఫొటో కోసం అంచున నిలబడిన ఒక పర్యాటకురాలు లోపలికి పడి చనిపోయింది. కంచె దాటి నిలబడితేనే ఫొటో బాగా వస్తుందని ఎవరు చెప్పినా వినొద్దు.

కెలిముతు ఫ్లోరెస్ దీవిలో ఉంది. ఒకే కొండ మీద, గోడలాంటి గట్లు మధ్యలో పెట్టుకొని, మూడు సరస్సులు. మూడింటి రంగులూ వేర్వేరు, పైగా ఆ రంగులు మారుతుంటాయి. నేను వెళ్ళినప్పుడు ఒకటి మణి రంగు నీలం, పక్కది దాదాపు నలుపు. నాకంటే రెండేళ్ళ ముందు వెళ్ళిన స్నేహితుడి ఫొటోలో అదే గుంట ఆకుపచ్చగా ఉంది. కింది నుంచి వచ్చే వాయువులు నీళ్ళలోని ఇనుము లాంటి ఖనిజాల స్థితిని మార్చేస్తుంటాయి, అందుకే ఈ రంగుల ఆట. అక్కడి లియో జనం మాత్రం చనిపోయినవాళ్ళ ఆత్మలు ఇక్కడికే చేరతాయంటారు. ఒకటి వృద్ధులది, ఒకటి కన్నెలూ కుర్రాళ్ళది, ఒకటి చెడు చేసినవాళ్ళది. ఏటా ఆగస్టులో పైన రాతి మీద పితృదేవతలకి అన్నం, మాంసం పెడతారు. మన పెద్దల పండగ తెలిసినవాళ్ళకి దాన్ని వేరే వివరించనక్కర్లేదు.

రెండింట్లో ఏది? నడక మాత్రమే చూస్తే కెలిముతు ఎంతో సులువు. కారు ఆగే చోటు నుంచి అరగంట, చివర్లో మెట్లు. మెల్లగా ఎక్కితే అరవై దాటినవాళ్ళూ ఎక్కుతారు. ఘాటు తక్కువ, గుంపు తక్కువ. చిక్కంతా అక్కడికి చేరడంలోనే. చిన్న విమానం పట్టుకొని ఎందేకో మౌమెరేకో వెళ్ళి, అక్కడి నుంచి మెలికల రోడ్డు మీద మోని అనే ఊరికి చేరాలి. విమానం టైమ్ మారితే టెన్షన్ పడకుండా ఉండాలంటే చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి. పది రోజులు లేకపోతే కెలిముతు పెట్టుకోవద్దు. ఉంటే, ఇజెన్ బదులు దీన్నే పెట్టుకోండి. అమ్మని మొదటిసారే ఇక్కడికి తీసుకొచ్చి ఉంటే బాగుండేదని ఆ మెట్ల మీద చాలాసార్లు అనుకున్నాను.

సెగారా అనక్: కాళ్ళున్నవాళ్ళకే

లొంబోక్ దీవిలో 3,726 మీటర్ల రింజని కొండ. దాని ఒడిలో 2,000 మీటర్ల ఎత్తున ఈ సరస్సు. పేరుకి అర్థం 'సముద్రపు బిడ్డ'. 1257లో ఇక్కడి సమలాస్ కొండ బద్దలైనప్పుడు పుట్టింది. గత కొన్ని వేల ఏళ్ళలో భూమ్మీద జరిగిన అతిపెద్ద పేలుళ్ళలో అదొకటి. ఆ పేలుడు దేనిదో శాస్త్రవేత్తలు తేల్చింది మాత్రం 2013లో. లొంబోక్ తాటాకు గ్రంథాల్లో ఊళ్ళు మునిగిపోయిన కథ అప్పటిదాకా కథగానే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ దీవిలోని హిందువులు ఏటా పున్నమికి అంత కొండా ఎక్కి ఒడ్డున పూజ చేసి, బంగారు నైవేద్యాలు నీళ్ళలో వదులుతారు.

రెండు మూడు రోజుల నడక, డేరాల్లో నిద్ర, రాత్రి గడ్డకట్టే చలి. ముందు మన దగ్గర ఏదో ఒక కొండ రెండు రోజులు ఎక్కి చూసుకోనివాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. 2018 భూకంపాల్లో వందలమంది ట్రెక్కర్లు పైన చిక్కుకుపోయారు, 2025 జూన్‌లో ఒక విదేశీ యువతి లోయలోకి జారి ప్రాణం పోగొట్టుకుంది. చవగ్గా వస్తుందని గైడుకి కూడా సరైన బూట్లు లేని బృందంతో ఎక్కొద్దు. శిఖరం వదిలేసి గట్టు దాకా వెళ్ళి సరస్సు చూసి దిగిపోయినా చాలు. నేను అదే చేశాను, ఏమీ పోగొట్టుకున్నట్టు అనిపించలేదు.

దియెంగ్ తెలగాలు

యోగ్యకర్త వెళ్ళి బోరోబుదూర్, ప్రంబనన్ చూసేవాళ్ళు ఒక రాత్రి దియెంగ్‌కి ఇవ్వండి. 2,000 మీటర్ల ఎత్తున పీఠభూమి. తెలగా వర్ణ, తెలగా పెంగిలాన్ అని పక్కపక్కన రెండు కొలనులు. మొదటిది గంధకం వల్ల పచ్చగా రంగుమారుతూ ఉంటుంది, రెండోది అద్దంలా తేట. మధ్యలో సన్నటి నేల మాత్రమే అడ్డం. అక్కడి పాత శివాలయాలకి జనం పెట్టుకున్న పేర్లు అర్జున, భీమ, ఘటోత్కచ, శ్రీకండి. పుంతదేవ అంటే మన ధర్మరాజు, సెంబద్ర అంటే సుభద్ర. నాన్న ఒక్కో బోర్డు దగ్గరా ఆగి కూడబలుక్కొని చదివి, ఎవరో పోల్చుకొని, సంబరపడి తర్వాతి గుడికి నడిచాడు. నడక తక్కువ, చలి ఎక్కువ. జులై, ఆగస్టు తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. హెచ్చరిక బోర్డు ఉన్న పల్లపు నేలల్లోకి దిగొద్దు, 1979లో అక్కడ నేలలోంచి వచ్చిన విషవాయువుకి దాదాపు 150 మంది చనిపోయారు.

ఉప్పునీటి మడుగులు కావాలంటే సుంబావా పక్కన సతోండా ఉంది, ఒక చిన్న అగ్నిపర్వత దీవి నడుమ సముద్రంలాంటి ఉప్పు సరస్సు. ఎదురుగా 1815లో బద్దలైన తంబోరా. పడవ యాత్రలో దారిలో తగిలితే దిగండి, దానికోసమే వెళ్ళక్కర్లేదు. కుట్టని జెల్లీచేపల కకబాన్ పేరు కూడా వింటారు. అది అగ్నిపర్వతం కాదు, పగడపు దిబ్బ. నీళ్ళలోకి దిగనిస్తున్నారో లేదో కనుక్కొనే బయల్దేరండి.

తోబా: మా బనగానపల్లె బూడిద

చివరికి ఉంచుకున్నది ఇదే. సుమత్రా దీవి ఉత్తరాన, 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు, లోతు 500 మీటర్లు. మధ్యలో సమోసిర్ అనే దీవి సింగపూర్ కంటే కాస్త చిన్నది. ఆ దీవి నిజానికి ఒకప్పటి సరస్సు అడుగు. కింది నుంచి లావా ఒత్తిడికి మెల్లగా పైకి లేచింది. ఆ దీవి మీద మళ్ళీ ఇంకో చిన్న సరస్సు.

ఇదంతా ఎక్కువగా సుమారు 74,000 ఏళ్ళ కిందటి ఒక పెద్ద పేలుడు పని. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటి మన దాకా వచ్చింది. మా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ జుర్రేరు వాగు లోయలో నేల తవ్వితే తెల్లటి మెత్తటి పొర వస్తుంది, కొన్నిచోట్ల నిలువెత్తు మందం. ఊరివాళ్ళు దాన్ని తవ్వి అమ్ముతూ వచ్చారు. అది తోబా బూడిద. ఆ పొర కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ఆ సంగతి ప్రకటించింది. ఆకాశం నుంచి అంత బూడిద కురిసినా ఆ లోయలో మనుషులు మళ్ళీ పనిముట్లు చెక్కుకున్నారన్నమాట. నాన్న చిన్నప్పుడు ఆ తెల్ల మన్నులో ఆడుకున్నవాడే. సమోసిర్ దీవిలోని తుక్‌తుక్ అనే ఊరి రేవులో రాతి మెట్టు మీద కూర్చొని, ఇక్కడి నుంచే వచ్చిందని చెబితే, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంగి నీళ్ళు దోసిట్లో పట్టి తల మీద చల్లుకున్నాడు. అమ్మ అప్పటికే మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉంది.

పెద్దవాళ్ళతో నాలుగైదు రోజులు ఒకేచోట ఉండాలంటే నా ఓటు తోబాకే. మెడాన్ నుంచి కార్లో నాలుగైదు గంటలు, పరపత్ రేవులో పడవ, అవతల తుక్‌తుక్. నీళ్ళంచునే గదులు, దాదాపు 900 మీటర్ల ఎత్తు కాబట్టి చల్లటి గాలి, ఈత కొట్టే మంచినీళ్ళు, బాలితో పోలిస్తే సగం జనం. సిలాంగిత్ విమానాశ్రయంలో దిగితే రోడ్డు ప్రయాణం ఇంకా తగ్గుతుంది. బతక్ జనం పడవ ఆకారపు కప్పులున్న ఇళ్ళ ముందు నిలబడి "హొరాస్" అని పలకరిస్తారు, మీరూ అదే మాట తిరిగి అనండి. పడవ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 2018 జూన్ 18న మోయాల్సినదానికి ఎన్నో రెట్లు జనాన్ని ఎక్కించుకున్న ఒక పడవ ఇక్కడే మునిగి 160 మందికి పైగా పోయారు. జనం కిక్కిరిసి ఉంటే తర్వాతి పడవకి ఆగండి. లైఫ్ జాకెట్ అడిగి తీసుకొని, చేతిలో పట్టుకోకుండా ఒంటికి తొడుక్కోండి.

సుమత్రాలోనే మనింజౌ కూడా ఉంది. 44 మలుపుల ఘాట్ రోడ్డు దిగుతుంటే కనిపించే దృశ్యం అద్భుతం. కానీ చేపల పెంపకం బోనులు ఎక్కువై నీళ్ళు పాడయ్యాయి. గాలివానలకి అడుగునీరు పైకి తిరిగి చేపలు టన్నులకొద్దీ చచ్చిపోతుంటాయి. పైనుంచి చూడండి, ఈతకి తోబా.

ఎప్పుడు, ఎంత, ఏం తినాలి

బాలి, జావా వైపు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఎండాకాలం, మన వేసవి సెలవులకి సరిగ్గా సరిపోతుంది. దసరా సెలవులు కూడా పర్వాలేదు. సంక్రాంతికి మాత్రం వద్దు. వానలు, మబ్బు, రింజని జనవరి నుంచి మార్చి దాకా మూసేస్తారు. ఏ సీజన్లో వెళ్ళినా బయల్దేరే వారం ఆ కొండ అగ్నిపర్వత హెచ్చరిక ఏ స్థాయిలో ఉందో చూసుకోండి.

మనవాళ్ళకి 30 రోజుల వీసా అక్కడ దిగాక ఇస్తారు, 5,00,000 రూపియాలు, ముందే ఆన్‌లైన్లో తీసుకుంటే క్యూ తప్పుతుంది. బాలికి పర్యాటక రుసుము ఇంకో 1,50,000. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగానో సింగపూర్ మీదుగానో వెళ్తే బాలి ఎంత తేలికో మెడాన్ కూడా అంతే తేలిక. ఈ సంగతి తెలియక చాలామంది తోబాని లిస్టులోంచి తీసేస్తారు. ఐదు రోజులే ఉంటే బాలి దాటకండి. ఎనిమిది రోజులుంటే, అందరూ నడిచేవాళ్ళైతే బతూర్, ఇజెన్ కలిపి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే తోబా ఒక్కటే, తీరిగ్గా.

శాకాహారులు బాలిలో ఇబ్బంది పడరు. తోబాలో పంది మాంసం, చేప ఎక్కువ. మెడాన్‌లో కంపుంగ్ మద్రాస్ అనే పేటలో మన తరహా భోజనం దొరుకుతుంది, దాటి వెళ్ళేముందు అక్కడ తినేయండి. సమోసిర్‌లో తెల్లన్నం, టోఫు, తెంపే (సోయా గింజలు పులియబెట్టి చేసే ముద్ద), ఆకుకూర వేపుడు అడిగితే చేసిస్తారు. సంబల్ అనే కారప్పచ్చడి చూడ్డానికి మన టమాటా పచ్చడిలా ఉంటుంది, అందులో చాలావరకు 'తెరాసి' అనే రొయ్యల ముద్ద కలుపుతారు. "తన్‌పా తెరాసి" అని అడగండి, అంటే తెరాసి లేకుండా అని. అమ్మ అయితే రెండోరోజు నుంచి సంబల్ జోలికే పోలేదు, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి డబ్బా టేబుల్ మీద పెట్టేసింది. మేమున్న గదుల ఓనరమ్మ కూడా మూడోరోజుకి ఒక చెంచా వేయించుకొని వేడి అన్నంలో కలుపుకొని తింది.